పిడి ఎడమకు తిరిగిన కప్పు

"చావు కాఫీ కప్పులో వస్తుంది. మనకు తెలిసింది అంతే," అన్నాడు బాబాయి.

అది పళ్ళ డాక్టరు గది. బాబాయి పొడవాటి కుర్చీలో వెనక్కి వాలి, మెడకు తెల్ల తువ్వాలు కట్టుకుని, నోరు సగం తెరిచి పడుకున్నాడు. కిటికీలోంచి ఎవరు చూసినా పిప్పిపన్నుతో బాధపడుతున్న పెద్దమనిషి అనుకుంటారు. డిపార్ట్‌మెంటులో చిన్నా పెద్దా అందరూ ఆయన్ని బాబాయి అనే పిలుస్తారు. నిజంగా అలా పిలవాల్సిన అన్న కొడుకులకు మాత్రం ఆయన చేసే ఉద్యోగమేమిటో తెలియదు.

పక్కన తెల్లకోటు వేసుకుని, చేతిలో చిన్న అద్దం పట్టుకుని నిలబడ్డవాడు ఏజెంట్ నలభై ఒకటి. ఆ నంబరు ఫైళ్ళలోనే. మనుషుల నోట్లో అతని పేరు నిదానం. ఒకసారి ఒక కిటికీ తెర కదలడం కోసం ఎదురింటి అటక మీద పదకొండు రోజులు కూర్చున్నాడు. పన్నెండో రోజు తెర కదిలింది. ఆ రోజు నుంచి ఆ పేరు స్థిరపడిపోయింది.

"టార్గెట్ ఎవరు?"

"మాస్టారు."

నిదానం చేతిలోని అద్దం ఒక్క క్షణం ఆగింది.

మాస్టారంటే లెక్కల మాస్టారు. ముప్ఫై ఏళ్ళు దేశం రహస్య సందేశాలకు తాళాలు తయారుచేసిన మనిషి. రిటైరై ఒక చిన్న ఊళ్ళో ఒంటరిగా ఉంటున్నాడు. మూడు వారాల క్రితం ఒక విదేశీ ముఠా రేడియో సందేశాలు డిపార్ట్‌మెంటుకు చిక్కాయి. ఆ కోడ్ ఎవరికీ అర్థం కాక, చివరికి ఆయన గుమ్మం తొక్కారు. సగం విప్పేశాడు. మిగతా సగం విప్పితే ముఠాలో ఎవరెవరున్నారో పేర్లతో సహా బయటపడుతుంది.

"ఇంకెన్ని రోజులు కావాలంటున్నారు?"

"ఈ శనివారం దాకా. వాళ్ళకూ ఆ సంగతి తెలిసింది. శనివారం లోపల ముసలాయన టిఫిన్ చేస్తూ చేస్తూ గుండె పట్టుకుని కూలిపోవాలి. చూసేవాళ్ళకు గుండెపోటులా ఉండాలి. అదీ ప్లాన్."

"అయితే ఆయన్ని ఊరు దాటించెయ్యండి బాబాయ్."

"అడగలేదనుకున్నావా? 'ఆ హోటల్లో టిఫిన్ చేశాకే నా బుర్ర తిరుగుతుంది. అది మానిపిస్తే మీ కోడ్ మీరే విప్పుకోండి' అన్నాడు. పోనీ కాపలా పెడతానన్నాను. 'కాపలావాడు నా కంటపడ్డ రోజున పెన్ను మూసేస్తా' అన్నాడు. మొండిఘటం."

"ఎవరు చేస్తారో తెలుసా?"

"తెలీదు. ఏ రోజో తెలుసు. శుక్రవారం. గాజుపువ్వు చెప్పింది."

నిదానం కనుబొమ్మలు ముడివేశాడు. గాజుపువ్వు డబుల్ ఏజెంట్. ముఠాలో ఉంటూ వాళ్ళ కబుర్లు ఇటు చేరవేస్తుంది. కనీసం బాబాయి నమ్మకం అది.

"ఏమిటా మొహం? ఆమె మీద పదహారు పేజీల రిపోర్టు ఉంది. ఒక్క మచ్చ లేదు. కడిగిన ముత్యం."

"అదే."

"అదే ఏమిటి?"

"ఏం లేదు బాబాయ్. నోరు ఇంకొంచెం తెరవండి. కిటికీ దగ్గర ఎవరో ఆగారు."

ఆగినవాడు వెళ్ళిపోయేదాకా బాబాయి నోరు తెరుచుకునే ఉన్నాడు. తర్వాత దవడ రుద్దుకుంటూ లేచాడు.

"ఆ హోటల్లో పాత గోడ గడియారం ఒకటుంది. ఎన్నేళ్ళుగానో సరిగ్గా నడవడం లేదు. సోమవారం నుంచి నువ్వు దాన్ని బాగుచేసే మేస్త్రీవి. గడియారం పని వచ్చా?"

"విప్పడం వచ్చు."

"చాల్లే. ఐదు రోజులేగా."

* * *

హోటలు వయసు నూట పన్నెండేళ్ళు. బోర్డు మీద అక్షరాలు వెలిసిపోయి చాలా కాలమైంది, వాటి అవసరం కూడా ఎవరికీ లేదు. రెండు రెక్కల అద్దాల తలుపు. లోపల తొమ్మిది చలువరాతి బల్లలు. రోజూ తుడిచి తుడిచి వాటి అంచులు సబ్బుబిళ్ళల్లా నునుపెక్కాయి. గోడల అద్దాలు గోధుమరంగుకు తిరిగాయి, అందులో చూసుకున్నవాళ్ళంతా ఇంకో కాలంలో ఉన్నట్టు కనిపిస్తారు. ఒక గోడకు హోటలు పెట్టిన పెద్దాయన ఫొటో. దాని కింద సంతకం ఉండాల్సిన చోట వేలిముద్ర.

"మా తాతగారికి చదువు రాదు," అంది కౌంటరులో కూర్చున్న అమ్మగారు. డెబ్భై ఏళ్ళుంటాయి. కళ్ళజోడు ముక్కు చివర. "చదువు లేకుండానే ఇంత చేశాడు. నువ్వు ఆ గడియారం చెడగొట్టావంటే ఆయన ఫొటోలోంచి దిగి వస్తాడు. తెలిసిందా?"

"తెలిసిందండీ."

గడియారం హాలు మధ్య గోడకు ఎత్తున ఉంది. నిదానం నిచ్చెన వేశాడు. నేల ఎగుడుదిగుడుగా ఉండడంతో ఒక కాలు ఊగింది. దాని కింద కొయ్యచీల దోపాడు. పైకెక్కి గడియారం తలుపు తెరిచాడు. కంటికి మేస్త్రీలు పెట్టుకునే భూతద్దం తగిలించుకున్నాడు. నిజానికి అది చిన్న దూరదర్శిని, పక్కన సూదిమొనంత అద్దంతో వెనకవైపు కూడా చూపిస్తుంది. చేతిలోని నూనె డబ్బా వైర్‌లెస్ సెట్టు. దానిలో నూనె చుక్క కూడా లేదు.

పై నుంచి హాలంతా అరచేతిలో ఉన్నట్టుంది. ఎదురుగా వంటింటి కిటికీ. దాని వెనక కాఫీ కలిపే మనిషి, పది రోజుల క్రితం చేరినవాడు. పాత కాఫీ మనిషి కాలి మీద వేడినీళ్ళు ఒలికి ఇంట్లో ఉన్నాడు. ఎలా ఒలికాయో అతనికే తెలియదట. నిదానం ఆ మాటను మనసులో ఒక మూల పెట్టుకున్నాడు.

ఏడూ నలభైకి మాస్టారు వచ్చాడు. సన్నగా, పొడుగ్గా, చంకలో నోటుపుస్తకంతో. హాలు మధ్యలో మూడో నంబరు బల్ల ఆయనది. వెన్న రాసిన రొట్టె, ఉడికిన గుడ్డు, ఒక కాఫీ. పై నుంచి ఆయన బట్టతల మీద వెలుతురు పడి మెరిసింది. ఆ తలలో ఉన్నది బయటికి రావాలి, అది వచ్చేదాకా ఆ తల నిలబడి ఉండాలి. నిదానానికి ఉన్న పని అదొక్కటే.

ఏడూ నలభై ఐదుకు ఆమె వచ్చింది. బూడిదరంగు పట్టు స్కార్ఫు, నల్ల కళ్ళద్దాలు, మెడలో కెమెరా. ఆమె నడిచొస్తుంటే రొట్టె నమిలేవాళ్ళు నమలడం మరిచిపోయారు. పాత హోటళ్ళ మీద పత్రికకు రాస్తున్నానని అమ్మగారితో చెప్పింది. మూల కిటికీ పక్క బల్ల దగ్గర కూర్చుని లాడ్జి గది తాళంచెవి బల్ల మీద పెట్టింది. చెక్కబిళ్ళ తగిలించిన పెద్ద తాళంచెవి. తర్వాత లేచి గోడలు ఫొటోలు తీస్తూ తీస్తూ నిచ్చెన కిందకి వచ్చింది.

"మీ గడియారం ఎన్ని నిమిషాలు వెనక, మేస్త్రీ?"

గాజుపువ్వు అడగాల్సిన కోడ్ ప్రశ్న. నిదానం కోడ్ జవాబు చెప్పాడు.

"ఏడు. మనుషులకంటే నయం."

ఆమె కెమెరా పైకెత్తి, పెదాలు కదలకుండా మాట్లాడింది. "శుక్రవారం. ఖాయం. చేసేవాడు బయటి నుంచి వస్తాడు. లోపలివాళ్ళు ఎవరూ కాదు. మీరు తలుపు కనిపెట్టుకోండి చాలు."

"మనిషి ఎలా ఉంటాడు?"

"చేతిలో పెట్టె ఉంటుంది."

ఆమె వెళ్ళి కాఫీ తాగింది. రెండు చెంచాల చక్కెరతో, పొగలు కక్కుతుండగానే, గటగటా. పెదాలు కాలవా అనుకున్నాడు నిదానం.

* * *

మంగళవారం పెట్టెతో ఒకడు రానే వచ్చాడు. తలుపు దగ్గరి బల్ల ఎంచుకున్నాడు. పెట్టె కాళ్ళ మధ్య పెట్టుకుని, ఎవరు దాని పక్కగా నడిచినా కాళ్ళు దగ్గరికి లాక్కున్నాడు. మాస్టారి వైపు అదే పనిగా చూశాడు. బుధవారమూ అంతే. మాస్టారు రొట్టె కొరికినప్పుడల్లా ముందుకు వంగి మరీ చూశాడు.

బుధవారం నిదానం నిచ్చెన దిగుతూ తూలినట్టు చేసి పెట్టె మీద పడ్డాడు. పెట్టె తెరుచుకుంది. నేల మీద ఇరవై నాలుగు కట్టుడుపళ్ళ సెట్లు దొర్లాయి.

"అయ్యో, శాంపిల్సండీ!" అని గోల పెట్టాడు ఆ సేల్స్‌మన్. తర్వాత మాస్టారి వైపు తిరిగి చేతులు కట్టుకున్నాడు. "మీరు ఎడమవైపు నమలడం లేదని రెండు రోజులుగా చూస్తున్నానండీ. ఒక్కసారి మా పై సెట్టు పెట్టుకు చూడండి."

"నా పళ్ళ జోలికొస్తే నీ పళ్ళు నీ పెట్టెలోకి వెళ్తాయి," అన్నాడు మాస్టారు నోటుపుస్తకంలోంచి తల ఎత్తకుండా.

హాలంతా నవ్వింది. గాజుపువ్వు కూడా నవ్వింది. ఆమె నవ్వు అందరికంటే ఒక క్షణం ముందు మొదలైంది, అందరికంటే ముందే ఆగింది. పెట్టె ఉన్న మనిషి అని చెప్పి నన్ను రెండు రోజులు తలుపు వైపు తిప్పి కూర్చోబెట్టింది అనుకున్నాడు నిదానం, పళ్ళు ఏరి పెట్టెలో పెడుతూ. ఆ రెండు రోజులూ నా వీపు ఎటుంది?

వంటింటి వైపు.

అప్పటి నుంచి అతను తలుపు మీద ఆశ వదిలేసి ట్రేని చూడడం మొదలుపెట్టాడు.

హాల్లో వడ్డించేది ఒక్కడే. అరవై దాటిన మనిషి, ఊరందరికీ మామయ్య. అతను ఎవరి ఆర్డరూ రాసుకోడు. ఖాళీ కప్పులు ట్రేలో పేర్చి వంటింటి కిటికీలో పెడతాడు. ఒక్క మాట మాట్లాడడు. కాసేపటికి ట్రే నిండి వస్తుంది. ఎవరి కాఫీ వాళ్ళకు సరిగ్గా చేరుతుంది.

"ఎలా గుర్తుంటుంది మామయ్యా?" అని అడిగాడు నిదానం, టిఫిన్ల రద్దీ తగ్గాక.

మామయ్య మొహం వికసించింది. ఎవరైనా అడగాలని నలభై ఏళ్ళుగా కాచుకున్నట్టున్నాడు.

"గుర్తెందుకు గడియారం బాబూ, ట్రే చెబుతుందిగా! పెద్దాయనకు అక్షరం ముక్క రాదు. అందుకని ఈ పద్ధతి కనిపెట్టాడు. కప్పు పిడి కుడికి ఉంటే చక్కెర వెయ్యాలి. ఎడమకు ఉంటే వద్దు. చెంచా బోర్లా పెడితే పాలు వద్దు."

"మరి ఏ కప్పు ఎవరిదో?"

"ట్రే అంటే ఈ హాలే!" మామయ్య ఖాళీ ట్రేని బల్ల మీద పెట్టి వేలితో చూపించాడు. "ఇది తలుపు. ఇది కౌంటరు. నడిమధ్య మూడో బల్ల, మాస్టారు. ఈ మూల కిటికీ, ఆ ఫొటోల అమ్మాయి. కప్పు ఎక్కడుంటే మనిషి అక్కడున్నట్టు. పిడి రుచి చెబుతుంది, చోటు మనిషిని చెబుతుంది. ఇన్నేళ్ళలో ఒక్క కప్పు తప్పివ్వలేదు నేను."

"కాఫీ కలిపేవాళ్ళకు కూడా తెలుసా ఇదంతా?"

"వాళ్ళకెందుకు? పిడి చూసి కలిపితే సరి. ఆ కొత్తవాడైతే మొదటి రోజే అడిగాడు, ఎడమ పిడి కప్పు ఎవరిదని. 'మా హాల్లో చక్కెర మానేసిన మనిషి ఒక్కరే నాయనా, మాస్టారు' అన్నాను. డాక్టరు ఆయనకు చక్కెర మాన్పించి పదకొండేళ్ళయిందిలే."

నిదానం తల ఊపాడు. ఎవరి కప్పో తెలుసుకోవాలని ఎవడికుంటుంది? కాఫీ కలిపేవాడికి అవసరం లేదు.

* * *

గురువారం. ఏడూ నలభై.

మాస్టారు వచ్చి కూర్చున్నాడు. మొహంలో కొత్త కళ. నోటుపుస్తకం తెరిచి గబగబా రాస్తున్నాడు. ఏదో తాళం తెరుచుకుంటున్నట్టుంది.

ఏడూ నలభై ఐదు. గాజుపువ్వు వచ్చింది. నిదానం ఒక చేత్తో గడియారం లోలకం పట్టుకుని, భూతద్దంలోంచి ఆమెను చూశాడు. అదే స్కార్ఫు. అవే కళ్ళద్దాలు. ఏదో తేడా. ఏమిటి?

బల్ల మీద తాళంచెవి లేదు.

మూడు రోజులుగా కూర్చున్న వెంటనే ఆమె చేసే మొదటి పని అది. ఇవాళ చెయ్యలేదు. కుర్చీ కింద ఒక చేతిసంచీ కనిపించింది, నిన్నటి దాకా లేనిది. గది ఖాళీ చేసింది. రేపు జరగబోయేదాన్ని చూడాల్సిన మనిషి ఇవాళే గది ఎందుకు ఖాళీ చేస్తుంది?

అద్దంలో వెనక్కి చూశాడు. కాఫీ మనిషి రోజూ చొక్కా చేతులు మోచేతి పైకి మడిచి పనిచేస్తాడు. ఇవాళ మణికట్టు దాకా గుండీలు పెట్టుకున్నాడు. పొయ్యి ముందు.

నిదానం నూనె డబ్బా మూతి దగ్గర పెట్టుకున్నాడు.

"బాబాయ్, పిన్నికి జ్వరం ఇవాళే వచ్చేలా ఉంది."

డబ్బాలోంచి సన్నగా వినిపించింది. "పిన్నికి జ్వరం రేపు. డాక్టరమ్మ ఖచ్చితంగా చెప్పింది. మనవాళ్ళు కూడా రేపే వస్తారు. తొందరపడకు. నిన్ను నిదానం అని ఊరికే అన్నారా?"

కింద మామయ్య ఖాళీ కప్పులు పేరుస్తున్నాడు. మహా అయితే రెండు నిమిషాలు.

అరవాలా? అరిస్తే కాఫీ మనిషి మందు మోరీలో పారబోస్తాడు. చేతిలో సాక్ష్యం ఉండదు. గాజుపువ్వు పదహారు పేజీల ముత్యంగానే మిగిలిపోతుంది. రేపు ఇంకో దారిలో, ఇంకో చేత్తో వస్తారు. పోనీ మాస్టారి కప్పు తన్నేస్తే? ఇంకో కప్పు కలుపుతారు. అసలు తన అనుమానమే తప్పయితే?

నిదానం దిగాడు. నిచ్చెన కింది కొయ్యచీల లాగి జేబులో వేసుకున్నాడు. గుడ్డ పట్టుకుని వంటింట్లోకి వెళ్ళాడు.

"కాస్త వేడినీళ్ళు పోస్తావా అన్నా? పళ్ళచక్రాలకు మడ్డి పట్టేసింది."

కాఫీ మనిషి ఉలిక్కిపడ్డాడు. "ఇప్పుడు కాదు. పనిలో ఉన్నాను."

"సరేలే." వెనక్కి తిరుగుతూ నిదానం కొయ్యచీలను కాలితో పెరటి తలుపు కిందికి గట్టిగా తోశాడు. లోపలికి తెరుచుకునే తలుపు అది. ఇక తెరుచుకోదు.

బయట ట్రే కిటికీ గట్టు మీద ఉంది. మామయ్య మాస్టారి బల్ల తుడుస్తున్నాడు. ట్రేలో ఆరు కప్పులు. నడిమధ్య కప్పు పిడి ఎడమకు, మిగతావన్నీ కుడికి. నిదానం గుడ్డ దులుపుతూ పక్కగా నడిచాడు. రెండు వేళ్ళు రెండుసార్లు కదిలాయి. మధ్య కప్పు పిడి కుడికి తిరిగింది. మూల కప్పు పిడి ఎడమకు తిరిగింది.

అనుమానం తప్పయితే మాస్టారికి కాస్త చక్కెర, ఆమెకు కాస్త చేదు. అంతకంటే నష్టం లేదు. అనుమానం సగమే నిజమై, కాఫీ మనిషి దోషి, ఆమె నిర్దోషి అయితే? ఆమె కప్పు ఎత్తగానే తను కొట్టి పడెయ్యాలి. అందుకే నిచ్చెన ఎక్కి లోలకాన్ని గడియారంలోంచి ఊడదీసి చేతిలో పట్టుకున్నాడు. సాసరంత ఇత్తడి బిళ్ళ. చిన్నప్పుడు రాయి విసిరి మామిడికాయ కొట్టిన చెయ్యి అది. గురి తప్పదనే అనుకున్నాడు.

కింద చీల లేని నిచ్చెన కాలు మెల్లగా ఊగింది.

* * *

మామయ్య మూల బల్ల మీద కప్పు పెట్టాడు. అలవాటు ప్రకారం, పిడి ట్రేలో ఎటుంటే బల్ల మీదా అటే.

గాజుపువ్వు చెయ్యి చాపింది. పిడి కోసం కుడివైపు తడిమింది. లేదు. కిందికి చూసింది.

చెయ్యి ఆగిపోయింది.

నిదానం లోలకాన్ని విసరడానికి సిద్ధంగా పట్టుకున్నాడు. తాగు అనుకున్నాడు. కప్పెత్తు, కొట్టి పడేస్తాను, తర్వాత నీ కాళ్ళ మీద పడి క్షమాపణ చెప్పుకుంటాను.

ఆమె కప్పు ఎత్తలేదు. వంటింటి కిటికీ వైపు చూసింది. అక్కడ కాఫీ మనిషి నోరు కొంచెం తెరుచుకుని ఉంది. ఆమె చేతిని మెల్లగా వెనక్కి తీసుకుని ఒళ్ళో పెట్టుకుంది. పామున్న పుట్టలోంచి చెయ్యి తీసుకున్నట్టు.

"ఏమ్మా, కాఫీ చల్లారిపోతోంది," అన్నాడు నిదానం నిచ్చెన మీద నుంచి.

"వేడిగా ఉంది," అందామె. తల పైకెత్తలేదు.

మూడు రోజులూ పొగలు కక్కుతుండగా తాగిన మనిషి. నిదానానికి ఇక పదహారు పేజీలతో పని లేదు.

సరిగ్గా అప్పుడే, అతను లెక్క వేసుకోనిది జరిగింది.

"థూ!" అన్నాడు మాస్టారు. "మామయ్యా! ఇందులో చక్కెర వేశారేమిటయ్యా?"

మామయ్య మొహం పాలిపోయింది. నలభై ఏళ్ళ పేరు ఒక్క గుటకలో పోయింది. అతను ట్రే వైపు చూశాడు, మాస్టారి కప్పు వైపు చూశాడు, హాలంతా కలయజూశాడు. మూల బల్ల మీద పిడి ఎడమకు తిరిగిన కప్పు కనిపించింది.

"అయ్యయ్యో! కప్పులు తారుమారైనట్టున్నాయి మాస్టారూ!" మామయ్య ఒక్క అంగలో ఆమె బల్ల చేరాడు. "అమ్మా, మీరింకా ముట్టుకోలేదుగా? ఇది మాస్టారిదండీ. మీది ఇప్పుడే కలిపించి తెస్తాను."

ఆమె ఒక్క మాట అంటే చాలు. వద్దు అంటే చాలు. పోనీ చెయ్యి అడ్డం పెట్టినా చాలు.

"తీసుకెళ్ళండి," అంది ఆమె. నవ్వింది కూడా.

"ఆగు మామయ్యా!" అన్నాడు నిదానం. మామయ్య వినే స్థితిలో లేడు. తన తప్పు దిద్దుకోవాలనే ఆత్రంలో మూడు బల్లలు దాటేశాడు. కప్పు మాస్టారి ముందు పెట్టాడు. మాస్టారు నోటుపుస్తకంలోంచి కళ్ళు తిప్పకుండానే కప్పు అందుకుని పెదాల దగ్గరికి తెచ్చాడు.

నిదానం లోలకం విసిరాడు.

ఇత్తడి బిళ్ళ గాలిలో ఒక్కసారి మెరిసింది. మాస్టారి వేళ్ళ మధ్య పిడి ఒక్కటే మిగిలింది. కప్పు ముక్కలై బల్ల కింద పడింది. కాఫీ చలువరాతి మీద పారి నోటుపుస్తకం అంచును తడిపింది.

విసురుకు నిచ్చెన జారింది. నిదానం అందిన దాన్ని పట్టుకున్నాడు. అందింది గడియారం. నూట పన్నెండేళ్ళ గడియారం రెండు క్షణాలు అతని బరువు మోసింది. తర్వాత మేకుతో సహా గోడ నుంచి ఊడి అతనితో పాటే కిందకి వచ్చింది.

"నా గడియారం!" అని అరిచింది అమ్మగారు.

వంటింట్లో పెరటి తలుపు దడదడమంది. ఒకసారి, రెండోసారి. తెరుచుకోలేదు. కాఫీ మనిషి చొక్కా చేతిలోంచి చిన్న సీసా జారి గచ్చు మీద పడింది. పొయ్యి దగ్గర రొట్టెలు కాలుస్తున్న వంటావిడ చేతిలో వేడి పెనంతో అతనికి అడ్డంగా నిలబడింది. అతను ఆ పెనాన్ని చూసి బుద్ధిగా కూర్చున్నాడు.

గాజుపువ్వు లేచి నిలబడింది. కెమెరాను నిదానం గుండెకు గురిపెట్టింది. దాని కంటి చోట సన్నని ఉక్కు గొట్టం ఉంది.

"కదలకండి మేస్త్రీ," అంది చల్లగా. "ఎలా పట్టుకున్నారు?"

"మీరు గది తాళం ఇచ్చేశారు," అన్నాడు నిదానం గడియారం కింద నుంచి. "పైగా కాఫీ తాగలేదు."

"ఒక్క కప్పు కాఫీ తాగకపోతే నేరమా? బాబాయి నమ్ముతాడా?"

ఆమె వెనక్కి నడుస్తూ తలుపు వైపు జరిగింది. ఇంకో రెండడుగులు. సేల్స్‌మన్ పళ్ళ పెట్టెను గుండెకు హత్తుకుని బల్ల కింద దూరాడు. ఆమె మామయ్యను మాత్రం పట్టించుకోలేదు. ఎవరు పట్టించుకుంటారు వడ్డించేవాణ్ణి? అతను ఆమె పక్కనే ఖాళీ ట్రే పట్టుకుని వణుకుతూ నిలబడి ఉన్నాడు. భయంతో కాదు.

"అంటే కప్పు మార్చింది మీ వాళ్ళా?" అని అరిచాడు. "నలభై ఏళ్ళలో ఒక్క కప్పు తప్పివ్వలేదు నేను! నా చేత్తో మాస్టారికి విషం ఇప్పిస్తారా!"

ట్రే ఆమె మణికట్టు మీద పడింది. కెమెరా నేల మీద పడి టప్‌మని పేలింది. తూటా పోయి పెద్దాయన ఫొటో కింద వేలిముద్ర పక్కన గోడలో దిగింది.

* * *

నూనె డబ్బాలో కబురు అందిన పావుగంటలో డిపార్ట్‌మెంటు లాండ్రీ వ్యాను వచ్చింది. మురికి దుప్పట్ల మూటలతో పాటు ఇద్దరిని ఎక్కించుకుంది. బాబాయి దవడ పట్టుకుని హోటల్లోకి వచ్చాడు. సోమవారం నుంచి నిజంగానే పన్ను నొప్పి పెడుతోందట.

"పదహారు పేజీలురా," అన్నాడు దీనంగా. "ఒక్క మచ్చ లేదు."

"ఆమె కాఫీ తాగలేదు బాబాయ్. మీ రిపోర్టు రాసినవాడు ఆమెతో ఒక్కసారైనా టిఫిన్ చేసుంటే తెలిసేది."

మాస్టారు తడిసిన నోటుపుస్తకాన్ని చేతిరుమాలుతో అద్దుతున్నాడు. కాగితాలు పాడవలేదు. బల్ల కింద పింగాణీ ముక్కల వైపు ఒకసారి చూసి కళ్ళు తిప్పుకున్నాడు.

నిదానం ఆయన ముందు నిలబడ్డాడు. "క్షమించండి మాస్టారూ. కాపలావాడు కంటపడితే పెన్ను మూసేస్తానన్నారట."

"నువ్వు సోమవారమే కంటపడ్డావు," అన్నాడు మాస్టారు. "గడియారం మేస్త్రీ అన్నవాడు గడియారాన్ని చూస్తాడు. నువ్వు నాలుగు రోజులూ నా బట్టతల చూశావు."

"మరి పెన్ను ఎందుకు మూయలేదండీ?"

"మూద్దామనే అనుకున్నాను. రోజుకో చక్రం ఊడదీసి, ఎక్కడిదో తెలియక జేబులో వేసుకోవడం చూశాను. పాపం, రేపేం చేస్తాడో చూద్దామనిపించింది."

మామయ్య దూరంగా కుర్చీలో కూర్చుని ఉన్నాడు. ట్రే ఒళ్ళో ఉంది, నట్టనడుమ సొట్ట పడింది. నిదానం వెళ్ళి అతని పక్కన కూర్చున్నాడు.

"మామయ్యా, కప్పుల పిడులు తిప్పింది నేను. వాళ్ళు కాదు. నువ్వూ కాదు."

"నువ్వా?" మామయ్య అతని మొహంలోకి చూశాడు. "అంటే నేను తప్పివ్వలేదు."

"లేదు. ట్రేలో ఎక్కడుందో అక్కడికే ఇచ్చావు. నీ పద్ధతి తెలియకపోతే మాస్టారు ఇవాళ లేరు."

మామయ్య లేచి మొహం తుడుచుకున్నాడు. వంటింట్లోకి వెళ్ళి, తనే నీళ్ళు కాచి, తనే కాఫీ కలిపాడు. కప్పును సొట్ట ట్రే నడిమధ్య పెట్టి, పిడి ఎడమకు తిప్పి, హాలు మధ్యగా నడిచి వచ్చి మూడో బల్ల మీద పెట్టాడు. అందరూ చూస్తున్నారు. మాస్టారు ఆ కప్పును, మామయ్యను మార్చి మార్చి చూశాడు. పిడి పట్టుకున్నాడు. తాగాడు.

"ఇదీ," అన్నాడు. "ఇప్పుడు లెక్క తేలుతుంది."

బాబాయి వెళ్దామన్నట్టు తల ఊపాడు. నిదానం కదిలాడు. తలుపు దగ్గర అమ్మగారు చేతులు నడుముకు పెట్టుకుని నిలబడి ఉంది.

"మీరు ఏ డిపార్ట్‌మెంటో నాకు అనవసరం. ఇతను గడియారం బాగుచేస్తానని వచ్చాడు. అది గోడకెక్కేదాకా గుమ్మం దాటడు."

బాబాయి దేశవిదేశాల్లో ఎందరినో ఎదిరించిన మనిషి. కళ్ళజోడు పైనుంచి చూస్తున్న ఆ కళ్ళను ఒకసారి చూశాడు. నిదానం భుజం తట్టి, "సెలవు శాంక్షన్ చేశాను," అని వ్యాను ఎక్కేశాడు.

మాస్టారు మాటిచ్చినట్టే శనివారం కోడ్ విప్పాడు. ఆదివారానికి ముఠా మొత్తం దొరికింది. గడియారం గోడకెక్కడానికి మాత్రం మూడు వారాలు పట్టింది. నాలుగు చక్రాలు ఎక్కడివో ఇప్పటికీ తెలియక అమ్మగారి బల్ల సొరుగులో ఉన్నాయి. అది ఇక ఏడు నిమిషాలు వెనక నడవడం లేదు, పదకొండు నిమిషాలు ముందు నడుస్తోంది. నిదానం చేతి మీదుగా వెళ్ళినవాటిలో తొందరపడేది అదొక్కటే.